అమ్ముటకు

శుక్రవారం మాలియాలో బస్సు దిగినోళ్ళంతా
బిర్యానీ వాసన దిక్కు నడుస్తారు.
పెంచలమ్మ మాత్రం మూడు మెట్లెక్కి
నా టైపింగ్ బల్ల ముందు కూర్చుంది.
ఒళ్ళో చేతిసంచి, సంచిలో ఫోను,
ఫోన్లో మరిది పంపిన కాగితం.

"ఏలిముద్ర ఏసి, ఎంబసీలో సీలు కొట్టిచ్చి పంపమన్నాడన్నా.
పట్టా నా పేరుకు మారాలంట.
ఏముందో ఒకతూరి చదువు."

నా పేరు ఖాదర్‌వలి. మాది రాయచోటి.
టైపు చేస్తే పేజీకి అర దినార్.
చదవడానికి రేటు లేదు,
చదవమని ఎవరూ అడగరు గనక.

చదివాను.
కోడూరు పక్కన ఎకరా ఇరవై సెంట్లు బొప్పాయి తోట,
తూర్పున వంక, పడమర రైలుకట్ట,
కీర్తిశేషులు సుబ్బరాయుడు స్వార్జితముతో కొన్నది.

"స్వార్జితమంటే?"
సొంత సంపాదనమ్మా.
పెంచలమ్మ నవ్వింది.
ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలీక పైట సర్దుకుంది.
"తొమ్మిదేండ్లు సాల్మియాలో పరాయి పిల్లోల్ల ముడ్లు కడిగితే
ఆ వంక దాకా వచ్చిందన్నా భూమి."

నాలుగో వరస దాకా బాగానే ఉంది:
ఆఫీసులకు హాజరగుటకు, అర్జీ దాఖలు చేయుటకు,
పన్ను చెల్లించుటకు, రసీదు పొందుటకు.
ఐదో వరస కొచ్చేసరికి నా గొంతే తగ్గింది.
తనఖా పెట్టుటకు, దానమిచ్చుటకు,
అమ్ముటకు, సొమ్ము పుచ్చుకొనుటకు.

ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్నాయి.
చాలాసేపు అదొక్కటే చప్పుడు.
"పట్టా మారేదానికి అమ్మేదెందుకన్నా?"

రాజంపేట లాయరమ్మకు ఫోన్ కలిపాను.
అక్కడ శుక్రవారం సెలవు కాదు,
కోర్టు వరండా గోలలోంచి వకుళమ్మ అరుస్తోంది.
"వీలునామా ఏమన్నా రాసి పోయినాడా?"
లేదు.
"పిల్లలెంతమంది?"
ఒక కూతురు.
"అత్త ఉందా?"
ఉంది.
"అయితే ముగ్గురికీ సమానం. ముందు వారసుల సర్టిఫికెట్,
ఆ తర్వాతే పట్టా మాట.
జనరల్ పవరొద్దు, స్పెషల్ రాయించు.
గడువు ఆర్నెల్లు. అమ్మకం ఊసే ఉండగూడదు."

"అత్తకూ భాగమా?"
పెంచలమ్మ కాసేపు నేలకేసి చూసింది.
లెక్క వేస్తోందో, తిట్టుకుంటోందో.
"ఇయ్యనీలే. నా బిడ్డకు జడేసేది ఆయమ్మే."

"నువ్వు కూడా వీలునామా రాసి పెట్టు తల్లీ,
నీ భాగం ఎవరికో నీ నోటితోనే చెప్పు."
"నేనేమన్నా సచ్చిపోతాండానా?"
"నేను పోయినేడు రాసినా.
పొద్దున్నే స్కూటీ మీద కోర్టుకొచ్చినా చూడు!"

కాగితం మళ్ళీ టైపు చేశాను.
ఐదో వరస ఎంచి, మీట నొక్కాను.
ఆరోది జరిగి ఐదోదైంది.
"ఆ మాట యాడుండె? చూపీన్నా."
చూపించడానికి ఖాళీ కూడా మిగల్లేదు.
నాలుక్కీ ఐదుకీ నడుమ
ఫినాయిలుకు తోలు లేచిన వేలు ఆనించింది.
"ఈడనా?"
ఈడనేమ్మా.
వేలు తీయడానికి తొందర పడలేదు.

అర దినార్ ఇచ్చి, చిల్లర సంచి మూలన ముడేసుకుని,
మేడమ్ నాలుగ్గంటలకు రమ్మందని
అన్నం తినకుండానే బస్సెక్కింది.

రాత్రి రూములో నిద్ర పట్టలేదు.
పదమూడేళ్ళ కిందట, ఇక్కడికి విమానమెక్కే ముందు రోజు
మా బావ బస్టాండులో స్కూటర్ మీద పరిచిన కాగితం.
"సంతకం పెట్టురా, మనోళ్ళమే గదా" అంటే
కారం బొరుగులు తింటూ పెట్టాను.
వేలికంటిన నూనె కాగితానికి కూడా అంటింది.

మంచం కింద రేకుపెట్టె లాగాను.
పాత వీసాలు, అమ్మ రాసిన రెండు ఉత్తరాలు,
అడుగున జిరాక్సు. నూనె మరక కూడా జిరాక్సులో పడింది.
పై మంచం మీద నేపాలీ కుర్రాడు దగ్గి అటు తిరిగాడు.
ఫోన్ లైటు వేసుకుని
గిరాకీకి చదివినట్టే, పెదవి విప్పి,
ఒక్కో మాటా చదవడం మొదలుపెట్టాను.

నాలుగో వరస దాకా బాగానే ఉంది.